ఊట నీళ్ళ పొట్లాలు

ఫిబ్రవరి 6

వదినకి,

ముందే చెప్పేస్తున్నాను, ఇది పని పడి రాస్తున్న ఉత్తరం. క్షేమసమాచారాలు అడిగి మెల్లిగా విషయంలోకి దిగుదామనుకున్నాను గానీ, మీరు రెండో వాక్యానికే కనిపెట్టేసి నవ్వుకుంటారు. ఆ అవకాశం మీకెందుకివ్వాలి?

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. ఫోన్‌లో మనిద్దరికీ మూడో మాటకి తేడా వస్తుంది. మీరు "నీకెలా చెప్పాలమ్మా" అంటారు, నేను "ఉంటాను" అని పెట్టేస్తాను. కాగితం మీదైతే ఇద్దరం కాస్త మర్యాదస్తుల్లా ఉంటాం.

సంగతేమిటంటే, మీ తమ్ముడు కూల్‌డ్రింకులు మానేశారు. పొట్ట పెరుగుతోందని నేనే మాన్పించాను. అప్పట్నించీ ఆయనతో వేగలేకపోతున్నాను. మంచినీళ్ళు పోసిస్తే గ్లాసులోకి తొంగి చూసి "ఇందులో ప్రాణం లేదే" అంటారు. ఇహ మొదలు, చిన్నప్పుడు మీరిద్దరూ మామయ్యగారి సైకిలెక్కి వెళ్ళి తాగిన ఊట నీళ్ళ కబుర్లు. బుడగలు ముక్కులోకెక్కేవట, నాలిక మీద రాయి నాకినట్టుండేదట. ఆ కథ విని విని నాకు నోరెండిపోతోంది.

ఊట ఎలాగూ ఎండిపోయింది, చుట్టూ గోడ కూడా కట్టేశారు. అలాంటి నీళ్ళు ఇంట్లో చేసుకోవచ్చని ఆయన పట్టుబట్టారు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, సిలిండర్లూ రెగ్యులేటర్లూ ఆయనకి కొత్త కాదు. "గ్యాసు ఎక్కించే సంగతి నేను చూసుకుంటా. ఆ రుచి ఎలా వస్తుందో అక్కకే తెలియాలి. నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో ఇన్నేళ్ళు ఊరికే కూచుందా?" అంటున్నారు. ఊరికే అన్నది ఆయన మాట, నాది కాదు.

వీలు చూసుకుని రాయండి.

మీ మరదలు


ఫిబ్రవరి 15

మరదలికి,

ఊరికే కూచున్న మనిషి రాస్తోంది. మీ ఆయనకి చూపించు.

ఆ ఊట నీళ్ళని మా ఆఫీసే పరీక్ష చేసింది, నేను చేరిన కొత్తల్లో. నాకు నోటికి వచ్చు. అందులో ఉన్నవి గొప్ప వస్తువులేమీ కావు. కాస్త సుద్ద, కాస్త వంటసోడా, చిటికెడు మామూలు ఉప్పు, ఇంకో చిటికెడు భేది ఉప్పు. ఆ చివరి పేరు చూసి కంగారుపడకు, నేను తూచి పంపేదానికి కడుపులో ఏమీ కాదు. ఒక్కో సీసాకి ఒక్కో పొట్లం కట్టి పార్సిల్ చేస్తున్నాను. నీ చేతి కొలతల మీద నాకు నమ్మకం లేక కాదు, మా త్రాసు మీద నమ్మకం ఎక్కువ, అంతే.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నీళ్ళు ముందు బాగా చల్లబడాలి. వెచ్చటి నీళ్ళు గ్యాసుని పట్టుకోవు. గాజు సీసా వద్దు, పగిలితే కళ్ళు పోతాయి. కూల్‌డ్రింకు వచ్చే ప్లాస్టిక్ సీసా తీసుకుని, నిండా కాకుండా నీళ్ళు పోసి, పైన ఉన్న గాలిని నొక్కి బయటికి తోసి, అప్పుడు గ్యాసు ట్యూబు బిగించాలి. గ్యాసెక్కుతుంటే సీసా ఊపాలి. వాడికి గట్టిగా చెప్పు, సోడాలు నింపేవాళ్ళు కొనే గ్యాసే కొనాలి. ఫ్రిజ్‌లలోకి ఎక్కించే సిలిండర్ గానీ తగిలించాడంటే నేనొచ్చి చెవి మెలేస్తాను.

ఒక్క మాట. నీళ్ళే అయినా ఇవి ఉప్పులున్న నీళ్ళు. వాడికి బీపీ గానీ కిడ్నీల తేడా గానీ ఏమన్నా ఉంటే దాచకుండా రాయి. నాన్న ఎలా పోయాడో నీకు తెలుసు. ఆయన్ని డయాలసిస్‌కి మోసుకెళ్ళి మోసుకొచ్చిన రోజులు నాకింకా కళ్ళ ముందే ఉన్నాయి. అప్పట్లో నీ చేతి ఉప్పు వల్లే ఆయనకిలా అయిందని నలుగురిలో ఏదో అనేశాను. అది మనసులో పెట్టుకోకు. అలసిపోయిన మనిషి నోటికి అదుపుండదు.

వదిన


ఫిబ్రవరి 28

వదినకి,

మీ పార్సిల్ అందింది. పొట్లాల మడత చూసి ముచ్చటేసింది, నేను కర్టెన్ అంచులు కూడా అంత తీరుగా మడవను.

కానీ వదినా, పొట్లం కలపగానే నీళ్ళు సున్నం నీళ్ళలా తెల్లబడ్డాయి. ఎంత తిప్పినా కరగలేదు. పాడైపోయిందనుకుని రెండు సీసాలు సింకులో పోసేశాను. మీ తమ్ముడు వచ్చి చూసి, "అక్క పొట్లాలు మార్చేసింది, ఇది గోడలకి వేసేది" అన్నారు. ఇప్పుడు మిగతా పొట్లాలు వాడాలో, వెనకగది గోడకి వెయ్యాలో మీరే చెప్పాలి.

మీరు అడిగిన సంగతి. ఆయనకి బీపీ కొద్దిగా ఉంది. మాత్ర వేసుకుంటున్నారు. మిగతాదంతా గట్టిగానే ఉన్నారు. నా చేతి ఉప్పు మాట నేనెప్పుడో మర్చిపోయాను, మీరూ మర్చిపోండి.

హోటల్ వాళ్ళ కర్టెన్లు కుడుతున్నాను. గదులన్నిటికీ ఒకటే ఆకుపచ్చ. కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది.

మీ మరదలు


మార్చి 9

మరదలికి,

నీ తొందర తగలెయ్య, పారబోశావా? తెల్లగా తేలింది సుద్ద. అది మామూలు నీళ్ళకి లొంగదు. గ్యాసెక్కిన నీళ్ళకే లొంగుతుంది. గ్యాసు పట్టించాక సీసా బాగా ఊపి ఫ్రిజ్‌లో పడుకోబెట్టు. మర్నాడు తీసి చూడు, తేటగా ఉంటుంది. ఇది ముందే రాయాల్సింది. నాకు తెలిసిన సంగతి లోకమంతటికీ తెలుసనుకోవడం నాకున్న జబ్బు.

బీపీ సంగతి చెప్పి మంచిపని చేశావు. ఆ పాత పొట్లాలు వెంటనే పారెయ్యి. వాటిలో వంటసోడా, ఉప్పు ఉన్నాయి. బీపీ ఉన్నవాడికి సోడియం ఎందుకు? ఆ రెండూ తీసేసి, బదులుగా పొటాషియం వేసి కొత్తగా కట్టాను. బీపీ మనిషికి సోడియం తగ్గి పొటాషియం పెరిగితే మేలని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నాలిక చివర రవ్వంత చేదు తగలొచ్చు, అలవాటైపోతుంది. చూశావా, నిజం చెప్తే ఎంత లాభమో. దాచి ఉంటే నా చేతుల్తో నేనే వాడి బీపీ పెంచేదాన్ని.

ఇక్కడ నాకు కొత్త అసిస్టెంటు వచ్చింది. సీసా కడగమంటే బయట మాత్రమే కడుగుతుంది. దానికి పాఠం చెప్పడంతో పొద్దుగూకుతోంది.

వదిన


ఏప్రిల్ 2

వదినకి,

తేటపడింది. నిజంగానే తేటపడింది. పొద్దున్నే ఫ్రిజ్ తీసి చూస్తే పాలలాంటి నీళ్ళు పోయి అద్దంలాంటి నీళ్ళున్నాయి. మీ తమ్ముడు మూత తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, బుసబుసలు పూర్తిగా ఆగేదాకా విన్నారు. తర్వాత ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. నేను భయపడి "ఏమైంది" అన్నాను. "మాట్లాడకు, సైకిల్ మీదున్నాను" అన్నారు.

ఇప్పుడాయన హడావుడి మీరు చూడాలి. షాపులో ఒక సిలిండర్, ఇంట్లో ఒక సిలిండర్. ఫ్రిజ్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి తలా ఓ గ్లాసు పోసి, మా అక్క తయారుచేసిన ఊట అని చెప్తున్నారు. తాగినవాడు వెంటనే మెచ్చుకోకపోతే ఆ ఫ్రిజ్ బాగవడం ఆలస్యమవుతుందని నా అనుమానం. ఊట ఇంత పల్చగా ఉండేది కాదని సీసాకి రెండేసి పొట్లాలు వేస్తున్నారు. రోజంతా అవే నీళ్ళు. అందుకే పొట్లాలు అయిపోవచ్చాయి, ఇంకొన్ని పంపండి.

నాకూ సంతోషంగా ఉంది వదినా. చాలాకాలానికి ఆయన నవ్వడం చూశాను.

కాళ్ళు మాత్రం బరువుగా ఉన్నాయంటున్నారు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నారు. ఎండలకేమో.

మీ మరదలు


ఏప్రిల్ 11

మరదలికి,

పొట్లాలు పంపాను, ఈసారి ఎక్కువే. వాడికి రెండేసి ఇష్టమైతే కానియ్యి, ఉన్నవన్నీ మనిషికి కావాల్సిన ఉప్పులే.

కాళ్ళు బరువంటే మనిషి బరువెక్కాడని అర్థం. ఎండలకి చెమటతో ఒంట్లో ఉప్పులు పోయి నీరసం కూడా వస్తుంది. ఆ నీళ్ళే ఇంకో గ్లాసు తాగించు, లేచి పరిగెడతాడు.

మా అక్క ఊట అన్నాడా? ఆ వాక్యం ఆఫీసులో నాలుగుసార్లు చదువుకున్నాను. ఒంటి మనిషిని, నన్ను పొగిడేవాళ్ళు ఎవరున్నారు చెప్పు. మా అసిస్టెంటు వచ్చి "ఎందుకు మేడమ్ నవ్వుతున్నారు" అంది. సీసా లోపల కడిగితే చెప్తానన్నాను.

వదిన


ఏప్రిల్ 24

వదినకి,

ఫోన్‌లో మీకు చెప్పింది సగమే. పక్కన డాక్టరుంటే మాట రాలేదు.

శనివారం షాపులో ఒక ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని, అలాగే దాని ముందు కూలబడిపోయారు. పక్క షాపువాళ్ళు ఆసుపత్రికి తెచ్చారు. గుండె చాలా మెల్లిగా కొట్టుకుంటోందన్నారు. ఏం తిన్నారు, ఏం తాగారు, ఏం మందులు వాడారు అని ఒకటే ప్రశ్నలు. నా చేతిసంచిలో మీ పొట్లం ఒకటుంటే చూపించాను. ఒంట్లో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరిగిందట. కిడ్నీలు పనిచెయ్యడం లేదట. వెంటనే డయాలసిస్ పెట్టారు.

గండం గడిచింది. ఇవాళ నన్ను గుర్తుపట్టి, చీర రంగు బాగాలేదన్నారు. ఇక డయాలసిస్ మానడం కుదరదంటున్నారు.

ఇంతకన్నా రాయలేను.

మీ మరదలు


ఏప్రిల్ 30

మరదలికి,

నీ ఫోన్ రాగానే బయల్దేరాను. స్టేషన్‌కి వెళ్ళాను, టికెట్ కొన్నాను, బండి వచ్చింది. ఎక్కలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వాడి మంచం దగ్గర నిలబడను? బండి వెళ్ళిపోయాక బెంచీ మీద కూచుని, ఇంటికొచ్చేశాను.

నా చేత్తో తూచాను. నా చేత్తో మడిచాను. మడత బాగుందని నువ్వంటే పొంగిపోయాను. సీసాకి రెండు వేస్తున్నాడంటే వెయ్యనీ అన్నాను. కాళ్ళు బరువంటే ఇంకో గ్లాసు తాగించమన్నాను. ఆ వాక్యం రాసిన కలం ఇంకా నా బల్ల మీదే ఉంది, ఇది వేరే కలం.

బంగారంలాంటి కిడ్నీలు పాడుచేశాను. నాన్నని కాపాడుకోలేకపోయాననుకుంటూ బతికినదాన్ని, తమ్ముణ్ణి నేనే అదే మంచం ఎక్కించాను. ఆఫీసులో త్రాసుకి గుడ్డ కప్పేశాను. సెలవు పెట్టాను.

నీ ఉత్తరంలో నన్నొక్క మాటన్నా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నీ మంచితనం భరించలేకుండా ఉన్నాను.

వదిన


మే 5

వదినా,

ఈ కాగితం మీకు పంపుతానో లేదో నాకే తెలియదు. రాయకపోతే మాత్రం ఊపిరాడేలా లేదు.

ఆయన కిడ్నీలు మీరు పాడుచెయ్యలేదు. అవి ఎప్పుడో పాడయ్యాయి. పోయిన ఏడాదే డాక్టరు చెప్పాడు, మామయ్యగారి జబ్బే ఈయనకీ వచ్చిందని. కూల్‌డ్రింకులు మానమన్నదీ డాక్టరే, పొట్ట కథ నేను అల్లింది. కిడ్నీలు బాగున్నవాళ్ళకయితే ఆ పొటాషియం బయటికి పోయేదట. ఈయనవి తొయ్యలేక ఒంట్లోనే ఉండిపోయిందట. ఇదంతా డాక్టరు నాతో చెప్పాడు. నేను మీతో చెప్పలేదు.

అక్కకి తెలియనివ్వకు అని ఆయన ఒట్టు పెట్టించుకున్నారు. తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చి కూచుంటుంది, నాన్న దగ్గర పడ్డ చాకిరీ చాలు అన్నారు. ఇది ఆయన కారణం. నా కారణం ఇంత మంచిది కాదు. మీరొస్తే నా వంటింట్లో నిలబడి నేను వేసే ఉప్పు చూస్తారు. మామయ్యగారి విషయంలో నలుగురిలో అన్న మాట ఈసారి కూడా అంటారు. మర్చిపోయానని రాశాను కదా, ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

మీరు అడిగారు. బీపీ గానీ కిడ్నీల తేడా గానీ అని, రెండూ పేరు పెట్టి అడిగారు. పూర్తిగా అబద్ధం చెప్పి, ఏమీ లేదని రాసి ఉంటే మీరు పొటాషియం జోలికే పోయేవారు కాదు. నేను సగం చెప్పాను. ఆ సగాన్ని నమ్మి మీరు మంచి చెయ్యబోయారు. నిజం చెప్తే ఎంత లాభమో అని మీరు రాసిన ఉత్తరం చదివి, సిగ్గుపడి, మడిచి పెట్టేసి, ఆకుపచ్చ కర్టెన్లు కుట్టుకున్నాను.

పొటాషియం సంగతి నాకు తెలియదు వదినా, అది మాత్రం నమ్మండి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఉప్పంటే వంటింట్లో ఉప్పే అనుకున్నాను. మీరు సోడియం తీసేశారంటే ఇంకా మంచిదే కదా అని సంబరపడ్డాను.

ఇప్పుడు మీరు స్టేషన్ నుంచి వెనక్కెళ్ళి ఏడుస్తున్నారు, నేను మంచిదాన్నయి కూచున్నాను.


మే 8

వదినకి,

మీరు కావాలని చేశారా? అలా జరిగిపోయింది. మనసు కష్టపెట్టుకోకండి. ఆయనా మిమ్మల్ని ఏమీ అనడం లేదు.

వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ రోజు ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంటారు, మాట్లాడరు. షాపు మూసే ఉంది. సిలిండర్లు రెండూ తిరిగిచ్చేశాను. కిడ్నీ మారిస్తే మళ్ళీ మామూలు మనిషవుతారని డాక్టర్ అంటున్నారు. సొంతవాళ్ళదైతే మేలట. నాకు పరీక్ష చేశారు, గ్రూపు కలవలేదు.

భోజనం మానకండి.

మీ మరదలు


జూన్ 3

మరదలికి,

నీ ఉత్తరం చదివిన మర్నాడే ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్ళాను. రక్తం తీశారు, మూత్రం తీశారు, ఫొటోలు తీశారు. మా అసిస్టెంటు కన్నా వాళ్ళ సీసాలు శుభ్రంగా ఉన్నాయి. ఇవాళ కాగితాలు చేతికిచ్చారు. కలిసింది. నా వయసుకి నా కిడ్నీలు దివ్యంగా ఉన్నాయట.

వాడికి నేనిస్తాను. పోగొట్టింది నేను, పూడ్చాల్సింది నేను. ఇందులో దయా లేదు, త్యాగం అంతకన్నా లేదు. నువ్వు మొహమాటపడి వద్దనకు, వాణ్ణి అననివ్వకు. ఈ దారి దొరికాకే నాకు అన్నం సయిస్తోంది.

వచ్చేవారం ఇక్కడ, కిడ్నీ ఇచ్చేవాళ్ళ మనసు కనుక్కునే కౌన్సిలర్ ఒకామె నాతో మాట్లాడుతుందట. అది లాంఛనం. తర్వాత ఫైలు మీ ఆసుపత్రికి పంపిస్తారు, నేనూ వస్తాను.

ఆఫీసుకి ఇంకా వెళ్ళడం లేదు.

వదిన


జూన్ 10

వదినా,

లోపల ఇంకో కాగితం ఉంది. మే నెలలో రాసి, కుట్టుమిషను కింది అరలో పెట్టుకున్నది. ముందు అది చదవండి. తర్వాత దీనికి రండి.

చదివారా?

దాని తర్వాత నేను మీకు పంపిన ఉత్తరంలో ఒక మాటుంది, సొంతవాళ్ళదైతే మేలట అని. అది ఊరికే రాయలేదు. మీ కోసమే రాశాను. మీరు ఏమంటారో తెలిసే రాశాను. మీరు బాధతో ఉన్నారని, అడగకుండానే ఇచ్చేస్తారని నాకు తెలుసు. ఒట్టు మాట ఆయనది, భయం నాది, కానీ ఈ పని మాత్రం పూర్తిగా నాదే. దీనికి సాకులేమీ లేవు.

కలిసిందన్న మీ ఉత్తరం వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. చదివి వినిపించాను. పోగొట్టింది నేను అన్న దగ్గర ఆపమన్నారు. "అక్క ఏం పోగొట్టింది?" అన్నారు. మీరు మీవల్లే అనుకుంటున్నారని ఆయనకి నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే మళ్ళీ చదివారు. తర్వాత "ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. ముందు అక్కకి నిజం చెప్పు" అన్నారు. అప్పుడు లేచి, కింది అర లాగి ఆ కాగితం తీశాను.

నాకాయన కావాలి వదినా. ఆయన కావాలనే ఇంత నీచానికి దిగాను. ఇప్పుడు మీరు రానంటే అది న్యాయమే. నేను ఒక్కమాట అనను, ఎవర్నీ అననివ్వను. డయాలసిస్‌తో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళున్నారు, మేమూ అలాగే బతుకుతాం.

మీరు మాత్రం వెంటనే ఆఫీసుకి వెళ్ళండి. మీ త్రాసు ఏ తప్పూ చెయ్యలేదు.

మరదలు


జూన్ 21

మరదలికి,

నీ ఉత్తరం వచ్చేసరికే నేను కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళి రావడం అయిపోయింది. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. ఎందుకిస్తున్నారు అనడిగింది. వాడి కిడ్నీలు నావల్లే పోయాయి, అందుకని అన్నాను. గొప్ప జవాబు చెప్పాననుకున్నాను. ఆ పిల్ల కలం మూసేసింది. "శిక్షలకి మేం ఆపరేషన్లు చెయ్యమమ్మా. మీరు అపరాధం కొద్దీ ఇస్తున్నారు. ఈ కారణంతో ఫైలు ముందుకి పోదు" అంది. బతిమాలాను. కోప్పడ్డాను. ఇంకో కారణం ఉంటే రండి అని తలుపు దాకా వచ్చి దిగబెట్టింది. తమ్ముడికి పనికొచ్చే ఒక్క పని కూడా చెయ్యలేకపోయానని ఇంటికొచ్చి పడుకున్నాను. నీకెలా రాయాలో తెలియక రాయలేదు.

అలా ఉండగా నీ కవరు వచ్చింది.

ఏం చేశానో చెప్పనా? చదివాను. చదివి, వంటింట్లోకి వెళ్ళి, ఒక గ్లాసు తీసి నేలకేసి కొట్టాను. స్టేషన్ బెంచీ మీద నన్ను కూచోబెట్టింది నువ్వు. నెలన్నర నన్ను నేను హంతకురాలిననుకున్నాను, నువ్వు చూస్తూ ఊరుకున్నావు. పైగా భోజనం మానకండి అని రాశావు. ఆ ఇంటి గడప జన్మలో తొక్కకూడదనుకున్నాను. వాడి మీద కూడా కోపం వచ్చింది. ఏడాది పాటు ఫోన్‌లో దొంగ నవ్వులు నవ్వాడు.

నాలుగు రోజులు అలాగే ఉన్నాను. తర్వాత కోపం పక్కనే ఇంకోటి కనిపించడం మొదలైంది. నలుగురిలో ఆ ఉప్పు మాట అనకపోతే నువ్వు నాకు నిజం రాసేదానివే. కాళ్ళు బరువంటే ఇంకో గ్లాసు పొయ్యమన్నదీ నేనే, అది నీ మీదికి నెట్టలేను. నా వాటా నాకుంది. కాకపోతే నేను మోస్తున్నంత పెద్దది కాదు.

నిన్న మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ అదే అడిగింది. ఈసారి చెప్పడానికి గొప్ప కారణం ఏదీ దొరకలేదు. నేను వాడికేమీ బాకీ లేను అన్నాను. "మరెందుకు?" అంది. వాడు నాకన్నా ముందు పోవడం నాకిష్టం లేదు అన్నాను. అది రాసుకుంది. ఫైలు మీ ఆసుపత్రికి పంపించింది.

కాబట్టి వస్తున్నాను. నువ్వు నిజం చెప్పకపోయి ఉంటే నేను ఆ గుమ్మం దాటేదాన్ని కాదు, ఇది నీకు తెలియాలని రాస్తున్నాను. దీన్ని క్షమించడం అనుకోకు. అది ఇంకా అవలేదు. అవుతుందో లేదో కూడా తెలియదు.

ఆపరేషన్ తర్వాత వాడి దగ్గర ఎవర్ని పెట్టుకుంటావో నీ ఇష్టం. నా మంచం దగ్గర మాత్రం నువ్వే ఉండాలి. మత్తు దిగాక ముందు దాహం వేస్తుందట. నీ మీద ఎంత కోపం ఉన్నా, ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతి నీళ్ళు నేను తాగలేను.

వదిన